కాలి నరాలకు సూది: ముందుగా అడగాల్సినవి



నాట్ల కాలంలో దివిసీమలోనో, గుడివాడ వైపో గట్టు మీద నిలబడి ఆడకూలీల పిక్కలు చూడండి. కొందరికి నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బిన నరాలు కనిపిస్తాయి. విజయవాడ బట్టల దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలకూ ఈ ముప్పే. కాన్పుల వల్ల, నిలబడే పని వల్ల సిరల్లోని కవాటాలు చెడి రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. అందం కోసం ఆరాటమని కొట్టిపారేస్తారు గాని, ముదిరితే చీలమండ దగ్గర మానని పుండవుతుంది.

దీనికి సూదిమందు ఉంది. పోలిడోకనాల్ లాంటి మందు ఎక్కిస్తే సిర గోడలు అతుక్కుని మూసుకుపోతుంది. చిన్న సిరలకు మంచి వైద్యమే, నేను వద్దనడం లేదు. కాని సూది వేసినచోట గోధుమరంగు మచ్చ నెలల తరబడి ఉండొచ్చు. మందు సిర బయటికి కారితే పుండు పడొచ్చు. అరుదుగా లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. మందు పడక ఊపిరాడకపోవడమూ అరుదుగా ఉంది. అత్యవసర చికిత్సకు ఏర్పాటు లేనిచోట ఈ సూది వేయించుకోకూడదు.

ముందు డాప్లర్ స్కాన్ చేశారా అని అడగండి. పైన పెద్ద సిర కవాటం చెడి ఉంటే, కింద చిన్నవి మూసినా మళ్లీ ఉబ్బుతాయి. డబ్బు దండగ. గర్భిణులు కాన్పయ్యేదాకా ఆగాలి. మాలా-డి లాంటి మాత్రల్లోని ఈస్ట్రోజెన్ గడ్డకట్టే ముప్పు పెంచుతుంది కనుక ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. చాటుగా మాత్రలు మింగే కోడలు అత్తగారి ముందు చెబుతుందా? డాక్టరు ఆమెను విడిగా అడగాలి. ఇది మనం పట్టుబట్టాల్సిన విషయం.

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక సూది సంగతి మీలో చాలామందికి తెలుసు. అది ప్రయోగమని ఆ స్త్రీలకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన నిలదీసింది, 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెళ్లింది. నరాల సూది ప్రయోగం కాదు, ఎప్పటినుంచో ఉన్న వైద్యమే. అయినా ఏ మందు, ఏం జరగొచ్చు అన్నది తెలుగులో విప్పి చెప్పకుండా వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి కాదు.

సూది తరువాత కొన్నాళ్లు బిగుతు మేజోళ్లు తొడగాలి, మంచం పట్టకుండా నడవాలి. బురదమడిలో మేజోళ్లు సాగవు. అందుకే నాట్లయ్యాక వేయించుకోమని కూలీలకు చెప్పండి. ఒక కాలు హఠాత్తుగా వాచినా, పిక్క నొప్పెట్టినా, ఆయాసమొచ్చినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, సూది వేయించుకున్న సంగతి అక్కడ చెప్పండి.