క్రిములకూ కోరం ఉంది



సర్వీసులో ఎన్నో సమావేశాలకు మినిట్స్ రాసినవాణ్ణి. కోరం లేనిదే తీర్మానం చెల్లదని మనందరికీ తెలుసు. సూక్ష్మక్రిములకూ ఆ నిబంధన ఉందని మాత్రం పోయినేడాది కాలిపుండుతో ఆసుపత్రిలో చేరాకే తెలిసింది.

నాకు చాలా ఏళ్ళుగా షుగరు. చీము పరీక్ష రిపోర్టులో 'సూడోమోనాస్' అని రాశారు. చాలా మందుల పేర్ల పక్కన 'ఆర్' అక్షరం. అంటే ఆ మందుకు క్రిమి లొంగదని అర్థం. "ఇదివరకు యాంటీబయాటిక్స్ ఎలా వాడారు?" అని డాక్టరుగారు అడిగితే తల దించుకున్నాను. జ్వరం తగ్గగానే మాత్రలు మానేసి, మిగిలినవి డబ్బాలో దాచి, మళ్ళీ ఎప్పుడో సొంతంగా వేసుకునేవాణ్ణి. పొదుపనుకున్నాను. చివరకు ఒక వేలు తీసేశారు.

తర్వాత ఈ విషయం చదివి తెలుసుకున్నాను. ప్రతి క్రిమీ ఒక రసాయనాన్ని బయటికి వదులుతుంది. క్రిముల సంఖ్య పెరిగేకొద్దీ ఆ రసాయనం చిక్కబడుతుంది. అదే వాటి హాజరుపట్టీ. కోరం పూర్తి కాగానే అన్నీ ఒక్కుమ్మడిగా విషాలు వదులుతాయి, జిగురుపొర కట్టుకుని మందుకు అందకుండా కూర్చుంటాయి. సముద్రంలో వెలుగునిచ్చే క్రిములలో ఈ గుట్టును 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే శాస్త్రజ్ఞులు బయటపెట్టారు.

మరి ఆ కబురునే అందకుండా చేస్తే? 2013లో ఇటలీ శాస్త్రజ్ఞులు పాత మందులను వెదికి, బద్దెపురుగులకు ఇచ్చే నిక్లోసమైడ్ సూడోమోనాస్ కబుర్లను అడ్డుతుందని కనుగొన్నారు. మైనపు పురుగుల లార్వాలను ఆ జబ్బునుండి కాపాడింది కూడా. మనకు పరిచయమైన అజిత్రోమైసిన్‌కూ ఈ గుణం ఉంది. పాత మందు మంచిచెడ్డలు ముందే తెలుసు గనుక కాలమూ, ఖర్చూ కలిసివస్తాయి. మనలాటి రిటైరైన వాళ్ళకు మళ్ళీ పోస్టింగు ఇచ్చినట్లన్నమాట!

అయితే ఈ మాట విని ఎవరూ మందుల షాపుకు పరుగెత్తవద్దు. నిక్లోసమైడ్ మింగితే పేగుల్లోంచి రక్తంలోకి చేరేది బహు తక్కువ. కాలిపుండుదాకా పోదు. ఇది ఇంకా పరిశోధనలో ఉన్న ఫైలు. దానిమీద ఆర్డరు రాయవలసింది డాక్టర్లే.

మనం చేయగలిగింది ఒకటుంది. ఇంటికెళ్ళగానే మందుల డబ్బా తెరవండి. మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను మీరు వేసుకోవద్దు, మనవలకు ఇవ్వవద్దు. నా వేలు ఎలాగూ తిరిగిరాదు. మీ వేళ్ళు పదిలంగా ఉండాలనే ఈ నాలుగు మాటలు.