దొంగ కంటే ముందు బల్లి: ఇంటి కాపలాకి మోషన్ సెన్సర్లు

మనం సొంతంగా తయారుచేసుకున్న మోషన్ సెన్సర్లతో ఇంటికి కాపలా పెట్టొచ్చా? ఇదీ ఈ ఎపిసోడ్ టాపిక్. పెట్టొచ్చు. కానీ అలారం మోగించడం తేలిక. అనవసరంగా మోగకుండా చూడటమే అసలు ఇంజనీరింగ్.

"నాన్నా పులి" కథ తెలుసు కదా. ఊళ్లో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు, మనం హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాం. అర్ధరాత్రి మూడుసార్లు ఊరికే మోగిందనుకోండి, నాలుగోసారి నాన్నే ప్లగ్ పీకేస్తారు. పక్కింటివాళ్లు కూడా లేచి రారు. నిజంగా దొంగ వచ్చిన రోజు అది గోడకి అలంకారం, అంతే.

అందరూ మొదట కొనేది హెచ్‌సీ-ఎస్ఆర్501. తెల్లటి ప్లాస్టిక్ బుడిపె ఉంటుంది చూడండి, అదే. ఇది మనిషిని గుర్తుపట్టదు. ఒంట్లోంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ వేడిని మాత్రమే గమనిస్తుంది. లోపల సెన్సర్ రెండు భాగాలుగా ఉంటుంది. రెండింటి మీదా ఒకే వేడి పడితే లెక్క సున్నా. వేడి ఒక భాగం నుంచి రెండో దాని మీదకి జరిగితేనే సిగ్నల్ వస్తుంది. అందుకే అడ్డంగా నడిచేవాణ్ని బాగా పడుతుంది, ఎదురుగా వచ్చేవాణ్ని అంతగా పట్టదు. కాబట్టి గుమ్మానికి ఎదురుగా వద్దు, పక్క గోడకి బిగించండి.

ఇక మన ఎండాకాలం. రామగుండం, రెంటచింతల వైపు గోడలు రాత్రి కూడా సెగలు కక్కుతాయి. గోడ వేడి ఒంటి వేడికి దగ్గరైతే ఈ సెన్సర్ చూపు మందగిస్తుంది. సెలవులకి ఇళ్లకు తాళాలు పడేది కూడా ఆ రోజుల్లోనే! ఇంకోపక్క, బుడిపె మీద బల్లి పాకిందంటే దానికి ఏనుగు వచ్చినట్టే.

అందుకని రెండో సెన్సర్ కావాలి. ఎల్‌డీ2410 అనే చిన్న రాడార్ 24 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. వేడితో దానికి సంబంధం లేదు. కదలకుండా కూర్చున్న మనిషిని కూడా ఊపిరి కదలికతో పట్టేస్తుంది. కానీ తిరిగే ఫ్యాన్‌కి, ఊగే కర్టెన్‌కి మోసపోతుంది. మూడోది, తలుపుకి మాగ్నెట్ స్విచ్. మూడూ ఈఎస్పీ32 బోర్డుకి కలపండి. రూల్ ఒక్కటే: పది సెకన్లలో మూడింటిలో ఏ రెండైనా అవునంటేనే సైరన్. ఒక్కటే అంటే ఫోన్‌కి మెసేజ్ చాలు. ఎండాకాలంలో మొదటిది మొరాయించినా రాడార్, తలుపు కలిసి సాక్ష్యం చెప్తాయి.

ఇంకో రెండు విషయాలు. పవర్ ఇచ్చాక ఆ మొదటి సెన్సర్ కుదురుకోవడానికి దాదాపు నిమిషం పడుతుంది. ఆ నిమిషాన్ని కోడ్‌లో వదిలేయండి. లేదంటే కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా తప్పుడు సిగ్నలే. రెండోది, సైరన్ వైఫై మీద ఆధారపడకూడదు. బోర్డు నుంచి రిలే ద్వారా నేరుగా వైర్ లాగండి, వెనకాల బ్యాటరీ ఉంచండి. మెయిన్ ఆపేయడం దొంగకి ఒక్క క్షణం పని.

కెమెరాతో మనిషిని ట్రాక్ చేసి గురిపెట్టే గన్ వీడియోలు మీరూ చూసే ఉంటారు. అలాంటిది మాత్రం చేయకండి. తెల్లవారుజామున వచ్చే పాలబ్బాయికీ, బంతి కోసం గోడ దూకిన పిల్లాడికీ, దొంగకీ తేడా దానికి తెలీదు. ఆత్మరక్షణకి అవసరమైనదాన్ని మించి హాని చేయడాన్ని మన చట్టం ఒప్పుకోదు. ఎంత అవసరమో కొలిచే సెన్సర్ ఇంకా రాలేదు. మన సిస్టమ్ పని మనుషుల్ని నిద్రలేపడం, అంతవరకే.

చివరగా, ఆన్-ఆఫ్ స్విచ్ అమ్మ మంచం పక్కనే పెట్టండి. రాత్రి మంచినీళ్లకి లేచినా భయపడకుండా ఆపుకోగలగాలి. నెలకోసారి మీరే దొంగలా నడిచి టెస్ట్ చేయండి. సర్క్యూట్, కోడ్ వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. అంతవరకు సెలవు.