కణము నిలుచు నేల

మన శరీరమునందు లెక్కకు మిక్కిలిగా జీవకణములు కలవు. వానిలో రక్తకణములు మొదలగు కొన్నిటిని విడిచినచో, తక్కినవి చాలవరకు ఏదో యొక ఆధారమును పట్టుకొని బ్రదుకునవే. పట్టు దొరకని కణము కొలదికాలములో నశించును. అయితే పట్టు దొరకుట మాత్రమే చాలదు. ఆ పట్టు నునుపైనదా, గరుకైనదా, తడి నంటునదా, అంటనిదా, దాని మీది చాళ్లు ఏ దిక్కునకు సాగియున్నవి అను విషయములను కణము స్పర్శచేతనే గ్రహించి, తదనుగుణముగా తన ఆకారమును, నడకను మార్చుకొనును.

ఈ సత్యము నాధారము చేసికొని, శరీరములో కొంతకాలము నిలిచి పిదప కరగిపోవు పాలిమరు పొరల మీద లేజరు కిరణముతో సూక్ష్మమైన చాళ్లను, గుంటలను తీర్చు విద్య నేడు పెరుగుచున్నది. గాయపడిన చోట క్రొత్త కణజాలము పెరుగుటకు ఆ పొరలు నేలగా ఉపయోగపడవలెనని శాస్త్రజ్ఞుల సంకల్పము. ఆ పని యెట్లు జరుగునో, అందు మన తెలుగుదేశమునకు గల పాలు ఎంతయో, దానివలన మన పల్లెలకు కలుగు మేలేమో ఈ ప్రసంగములో చెప్పదలచితిమి.

ముందుగా అవసరమును చూతము. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో సున్నమెరుగని పల్లె అరుదు. తాంబూలమునకు సున్నము కావలెను. పండుగకు గోడలకు వెల్ల వేయుటకు సున్నము కావలెను. ఆ సున్నము కంటిలో పడినచో కలుగు హాని సామాన్యమైనది కాదు. అది క్షారము. కంటి పొరలలోనికి ఇంకుచు, పూర్తిగా కడిగివేయువరకు కాల్చుచునే యుండును. తాంబూలపు సున్నము పొట్లమును బిడ్డ ఆటగా నొక్కగా, అది పగిలి కంటిలోనికి చిమ్ముట మన దేశపు నేత్రవైద్యు లెరిగిన ప్రమాదమే.

నల్లగ్రుడ్డు మీద గాజు పలకవలె నిర్మలమైన పొర యొకటి కలదు. దానిని కార్నియా యందురు. దాని పైతొడుగు నిత్యము అరగి రాలుచుండును. క్రొత్తది నిత్యము పుట్టుచుండును. ఆ క్రొత్త కణములకు తల్లులైన మూలకణములు నల్లగ్రుడ్డును తెల్లగ్రుడ్డును కలిసెడి సన్నని అంచులో నున్నవి. అచట ప్రకృతియే చాళ్లవంటి ఎగుడుదిగుడులను ఏర్పరచినది. ఆ చాళ్ల లోతులలో మూలకణములు భద్రముగా దాగియుండును. సున్నము ఆ అంచును కాల్చినచో మూలకణములు నశించును. అప్పుడు తెల్లగ్రుడ్డు మీది పొర రక్తనాళములతో సహా నల్లగ్రుడ్డు మీదికి ప్రాకి చూపును కప్పివేయును. నేత్రదానమువలన లభించిన కార్నియాను అతికినను, దానికి తొడుగు నిచ్చు మూలకణములు లేకుండుటచేత అదియు మసకబారును.

ఇట్టి కన్నులకు చికిత్స చేయుటలో హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ప్రపంచ ఖ్యాతి గడించినది. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఈ సంస్థకు 2006 నుండి విశాఖపట్టణమున శాఖ కలదు. 2001 మొదలుకొని అచటి వైద్యులు రోగి యొక్క మంచి కంటి అంచునుండి చిన్న తునకను తీసి, దాని కణములను ప్రయోగశాలలో ఉమ్మనీటి సంచి పొర మీద పెంచి, కాలిన కంటికి అతుకజొచ్చిరి. 200 మందికి చేసిన ఈ చికిత్స ఫలితములను 2011లో ప్రకటించిరి. నూటికి 71 కన్నులలో ఫలించినది. మన రైతు నారుమడిలో విత్తు చల్లి, మొలక లెదిగిన పిమ్మట పొలములో నాటును గదా, ఇదియు అట్టిదే.

2012లో డాక్టరు వీరేందర్ సాంగ్వాన్, డాక్టరు సయన్ బసు మొదలగువారు ఇంకను సులభమైన మార్గమును చూపిరి. మంచి కంటి తునకను చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఉమ్మనీటి సంచి పొరను పరచిన కంటి మీదనే నేరుగా అతికిరి. నారుమడి అక్కర లేకపోయెను. ఖరీదైన ప్రయోగశాలతో పని లేకపోయెను. 125 మంది రోగుల మీద దీని ఫలితమును 2016లో ప్రకటించిరి. నూటికి 76 కన్నులలో సఫలమైనది.

అయినను ఒక చిక్కు మిగిలినది. ఉమ్మనీటి సంచి పొర కాన్పు సమయమున దానముగా లభింపవలెను. దాత రక్తమును పరీక్షింపవలెను. పొరను శుభ్రపరచి మిక్కిలి శీతలస్థితిలో నిలువ చేయవలెను. ఒక తల్లి యిచ్చిన పొర మరియొక తల్లి యిచ్చిన దానివలె నుండదు. కాబట్టి ఎచ్చట చేసినను ఒకే తీరున నుండునట్టి, పని ముగిసిన పిదప తానే అదృశ్యమగునట్టి కృత్రిమపు పొర లభించునా యను ప్రశ్న పుట్టినది.

అట్టి పదార్థము శస్త్రవైద్యులకు క్రొత్తది కాదు. పెరుగునకు పులుపు నిచ్చు లాక్టిక్ ఆమ్లము మన కందరకు తెలిసినదే. గ్లైకాలిక్ ఆమ్లము చెరకు రసములో కొంచెముగా నుండును. ఈ ఆమ్లముల అణువులను గొలుసులుగా కూర్చినచో గట్టి పాలిమరు లేర్పడును. 1970 ప్రాంతమునుండి శరీరములో కరగిపోవు కుట్టుదారములను వీనితోనే చేయుచున్నారు. శరీరములోని నీరు ఆ గొలుసులను క్రమముగా తెంచును. తెగిన ముక్కలు మరల ఆమ్లములుగా మారి, తుదకు బొగ్గుపులుసు గాలిగాను, నీరుగాను వెడలిపోవును. ఆమ్లముల పాళ్లను మార్చి, పొర కొన్ని వారములలో కరగునట్లుగాని, కొన్ని నెలలు నిలుచునట్లుగాని చేయవచ్చును.

కాని అచ్చునుండి తీసిన పాలిమరు పొర నునుపుగా నుండును. తడిని సరిగా అంటనీయదు. తామరాకు మీద నీటిబొట్టు నిలువని సంగతి మన మెరుగుదుము. నీటిని బొత్తిగా త్రోసివేయు తలము మీద కణమునకును నిలుకడ తక్కువ. ఏలయన, ముందుగా శరీరద్రవములలోని ప్రోటీనులు తలమునకు అంటుకొనును. కణము వానిని ఊతగా పట్టుకొని నిలుచును. తలము స్వభావము మారినచో ప్రోటీనులు అంటు తీరు మారును; దానితో కణము పట్టును మారును.

ఇచటనే లేజరు ప్రవేశించుచున్నది. 1960లో అమెరికాలో థియోడోర్ మైమన్ తొలి లేజరును వెలిగించెను. అయితే మామూలు లేజరు వేడిమితో పని చేయును. మెత్తని పాలిమరు మీద దానిని ప్రయోగించినచో అంచులు కరగి ముద్దయగును. ఈ చిక్కును దాటుటకు రెండు మార్గములు కలవు. మొదటిది అతినీలలోహిత కిరణము. మద్రాసు విశ్వవిద్యాలయమున చదివి అమెరికా వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్, 1980-83 నడుమ ఐ. బి. ఎం. పరిశోధనశాలలో, 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల కిరణము పాలిమరు అణుబంధములను తెంచి, చుట్టుప్రక్కల మాడనీయక పలుచని పొరలుగా ఎగురగొట్టునని చూపెను. కంటద్దములు మాన్పించుటకు నేడు కార్నియాను చెక్కు చికిత్సకు ఈ పరిశోధనయే పునాది.

రెండవది ఫెమ్టోసెకండు లేజరు. సెకండును 10 కోట్ల కోట్ల భాగములు చేయగా వచ్చెడి యొక భాగమే ఫెమ్టోసెకండు. చంద్రుని నుండి భూమికి సెకండు పైచిలుకులో వచ్చెడి వెలుగు, 100 ఫెమ్టోసెకండ్లలో తలవెండ్రుక మందమంత దూరమైనను పోజాలదు. అంత స్వల్పకాలమున శక్తి నంతయు ఒక బిందువున గ్రుమ్మరించుటచేత, వేడి ప్రక్కకు వ్యాపించులోపలనే ఆ చోటి పదార్థము ఎగిరిపోవును. హైదరాబాదు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞులు 2010 ప్రాంతమున ఇట్టి లేజరుతో ప్లాస్టిక్కులలో సూక్ష్మమైన గీతలను, కాలువలను తీర్చి చూపిరి. వారి ఉద్దేశము కాంతిని, ద్రవములను నడిపించు పరికరములు చేయుట. కరగిపోవు పాలిమరుల మీదను ఇదే పనితనము చెల్లును.

ఇట్లు తీసిన చాలు వెడల్పు కొన్ని మైక్రానులనుండి కొన్ని పదుల మైక్రానుల వరకు నుండును. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. కణము వెడల్పును ఇంచుమించు ఆ కొలతకే వచ్చును. అట్టి చాలులో పడిన కణము అడ్డముగా విస్తరింపక చాలు వెంబడి సాగి, ఆ దిక్కునకే నడచును. 1914లోనే అమెరికా శాస్త్రజ్ఞుడు రాస్ హారిసన్ సాలీటి దారముల మీద పిండకణములను పెంచి, అవి దారము వెంట సాగుటను గమనించెను.

శ్రోతలు పొందూరు ఖాదీ పేరు వినియే యుందురు. అచటి స్త్రీలు వాలుగ చేప దవడలోని సన్నని పండ్లతో దూదిని దువ్వుదురు. చిక్కుపడియున్న పోగులు ఆ పండ్ల నడుమ సాగి ఒకే దిక్కునకు ఒదుగును. అందుచేతనే అంత సన్నని నూలు వచ్చును. లేజరు చాళ్లు కణములకు చేయు ఉపకారమును ఇంచుమించు ఇట్టిదే. కార్నియా లోపలి పోగులు పొరపొరకును క్రమముగా ఒదిగియుండుటచేతనే అది పారదర్శకముగా నున్నది. క్రమము తప్పి పెరిగినచో మచ్చ యేర్పడును. కంటి విషయమున దిక్కు తప్పుట యనగా చూపు తప్పుటయే.

ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమువారును, పైన చెప్పిన హైదరాబాదు సంస్థవారును కూడి ఈ మార్గమున పని చేసిరి. కరగిపోవు పాలిమరును సన్నని పోగులుగా తీసి అల్లిన పొర మీద కంటి తునకలనుండి కణములు చక్కగా ప్రాకి పెరుగునని 2013లో ప్రకటించిరి. ఆ కాలముననే షెఫీల్డువారు పొర అంచున చిన్న గూళ్లను కూడ ఏర్పరచిరి. నల్లగ్రుడ్డు అంచున మూలకణములకు ప్రకృతి యమర్చిన లోతులకు అవి అనుకరణములు. ఇచట లేజరు నేరుగా పాలిమరును చెక్కలేదు. నీలపు లేజరు వెలుగుతో ఒక ద్రవమును పొరవెంట పొర గట్టిపరచి అచ్చును కట్టిరి, ఆ అచ్చు మీద పోగులను పరచిరి. సాధన వేరైనను, కణమునకు ఇల్లు కట్టి యియ్యవలెనను తలంపు ఒక్కటే.

ఈ విద్యకు హద్దులును కలవు. లేజరు తగిలిన చోట పాలిమరు గొలుసులు కొన్ని పొట్టివగును. అందుచేత పొర అనుకొనినదానికంటె ముందుగా కరగవచ్చును. క్రొత్త కణజాలము నిలద్రొక్కుకొనకమునుపే నేల జారిపోయినచో ప్రయోజనము లేదు. ఒక్కొక్క చాలును వరుసగా గీయవలసి యుండుటచేత కాలమును, ఖర్చును ఎక్కువ. ప్రయోగశాల పాత్రలో కణములు చూపిన విధేయత రోగి శరీరములో చూపునని ముందుగా చెప్పరాదు. మనుష్యుల మీద జాగ్రత్తగా పరీక్షించియే నిర్ణయింపవలెను.

ఉద్దానమున మూత్రపిండముల వ్యాధితో బాధపడు కుటుంబములు, కణములను పెంచువారు మూత్రపిండమును కూడ పెంచి యియ్యలేరా యని అడుగుట సహజము. దానికి నిజమైన సమాధానము నేడు లేరనియే. కార్నియా తొడుగు, చర్మము వంటివి పలుచని పొరలు. మూత్రపిండములో నన్ననో, ఒక్కొక్క దానియందు సుమారు 10 లక్షల వడపోత గొట్టములు, వానిని చుట్టుకొని రక్తనాళములు కలవు. ఒక పొర మీద చాళ్లు గీచినంతమాత్రమున అంతటి నిర్మాణము లేవదు. ఈ భేదమును తెలిసికొనుట అవసరము; లేని ఆశను అమ్మువారు ఎల్లకాలమును ఉందురు.

లేజరు నేల మీద పెరిగిన కణములు మన ఊరి వైద్యశాలకు వచ్చుటకు కాలము పట్టును. సున్నము కంటిలో పడుటకు క్షణము చాలును. కాబట్టి సున్నము డబ్బాను, పొట్లమును బిడ్డల చేతికి అందనీయకుడు. ఒకవేళ కంటిలో పడినచో, చనుబాలు, నెయ్యి, ఆకుపసరు పోయకుడు. రెప్పలను విప్పిపట్టి, ధారాళమైన మంచినీటితో అరగంట వరకు ఆపక కడుగుడు. రెప్పల క్రింద సున్నపు పలుకులు మిగులకుండ చూడుడు. పిదప జాగు చేయక నేత్రవైద్యుని యొద్దకు తీసికొనిపొండు. ఆ అరగంట నీరు కంటి అంచున కొన్ని మూలకణములనైనను కాపాడును. వైద్యుడు రేపు ఎంత మంచి నేలను సిద్ధపరచినను, నాటుటకు విత్తు మిగిలియుండవలెను గదా.