చేపల తొట్టి, చెరువు కంట్రోలర్లు: కొనేముందు తెలుసుకోవలసిన సంగతులు

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు నేను మాట్లాడబోయేది ఎరువుల గురించి కాదు, విత్తనాల గురించీ కాదు. మనిషి దగ్గర లేనప్పుడు చేపల తొట్టిని, రొయ్యల చెరువును కనిపెట్టి ఉండే కంట్రోలర్ అనే యంత్రం గురించి. సేద్యశాస్త్రం బోధించేవానికి దీనితో ఏం పని అని మీలో కొందరు అనుకోవచ్చు. బోరుబావి మోటారుకు మొబైల్ స్టార్టర్ బిగించిన ప్రతి రైతూ ఈ యంత్రానికి తమ్ముడి వంటిదాన్ని వాడుతున్నట్లే. అయితే ఒక భేదం కలదు. మోటారు ఒక పూట ఆగితే పైరు ఓర్చుకుంటుంది. చేప ఓర్చుకోదు. కాబట్టి పొలంలో అలవాటైన యంత్రాన్ని చెరువుకు బిగించేటప్పుడు మరికొంత జాగ్రత్త అవసరం.

ఇళ్లలో అక్వేరియం పెంచేవారు, ముఖ్యంగా అమెరికా, జర్మనీ దేశాలలో తొట్టెలలో పగడాలు పెంచేవారు, ఈ యంత్రాలను ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. అమెరికాలో నెప్ట్యూన్ సిస్టమ్స్ వారి ఏపెక్స్, జర్మనీలో జి.హెచ్.ఎల్. వారి ప్రొఫీలక్స్ ఇటువంటివే. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు మీద ఎవరికి వారు ఏర్పాటు చేసుకొనే రీఫ్-పై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉన్నది. వారి అనుభవంలో మన గోదావరి, కృష్ణా డెల్టా చెరువులకు పనికివచ్చే పాఠం ఒకటి కలదు. అదే ఈ ప్రసంగ సారాంశం: ఆజ్ఞ ఇచ్చే బుద్ధి నీటి పక్కనే ఉండవలెను, క్లౌడ్ కబురు మోయడానికి మాత్రమే ఉండవలెను.

యంత్రం చేసే పని

కంట్రోలర్‌కు మూడు భాగాలుంటాయి. నీటిలో మునిగి ఉండే ప్రోబులు ఉష్ణోగ్రత, పి.హెచ్., నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలుస్తాయి. మధ్యనున్న పెట్టె ఆ కొలతలను చూసి నిర్ణయం చేస్తుంది. స్విచ్చులు ఆ నిర్ణయాన్ని అమలు జరుపుతాయి. నాలుగవ భాగం ఒకటి ఈ మధ్య వచ్చి చేరింది. అదే క్లౌడ్. క్లౌడ్ అంటే ఆకాశంలోని మబ్బు కాదు. ఎక్కడో దూరాన కంపెనీవారు అద్దెకు తీసుకున్న కంప్యూటర్లు. మీ ఫోనులో మీట నొక్కితే ఆ కబురు అక్కడికి వెళ్లి, అక్కడినుంచి తిరిగి మీ గట్టు మీది పెట్టెకు వస్తుంది.

ఇందువల్ల మేలు ఉన్నది. భీమవరంలో చెరువు, హైదరాబాదులో పని ఉన్నవాడు అర్ధరాత్రి ఆక్సిజన్ ఎంత ఉన్నదో చూసుకోగలడు. నెలరోజుల లెక్క ఒకచోట దొరుకుతుంది. దీనిని నేను కాదనను. కాని నిర్ణయం కూడా ఆ దూరపు కంప్యూటరే చేసే యంత్రాలు కొన్ని ఉన్నాయి. ప్రమాదం అక్కడ.

క్లౌడ్ ఆగిన సందర్భాలు

రివాల్వ్ అనే ఇంటి కంట్రోలర్ పెట్టెను అమెరికాలో సుమారు 300 డాలర్లకు అమ్మారు. ఆ కంపెనీని 2014లో వేరొక కంపెనీ కొన్నది. 2016 మే నెలలో క్లౌడ్ సేవను ఆపివేసింది. చెడిపోని పెట్టె ఆనాటినుంచి పనికిరాకుండా పోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ సర్వర్లు ముందస్తు కబురు లేకుండా ఆగిపోయాయి. గోడ మీది స్విచ్ నొక్కితే దీపం వెలిగింది. ఫోనులో నొక్కితే పలకలేదు. వాడుకదారులే కొందరు కలసి ఆ కంపెనీని కొని, అదే సంవత్సరం జూన్‌లో సేవను తిరిగి నడిపించారు. 2025 అక్టోబరు 20న అమెరికాలోని అమెజాన్ వారి క్లౌడ్ కేంద్రంలో వచ్చిన లోపం వల్ల ప్రపంచంలో అనేక సేవలు గంటల తరబడి స్తంభించాయి.

ఈ యంత్రాలు మన చెరువులవి కావు. కాని మీరు కొనే పెట్టె వెనుక కూడా అటువంటి కంప్యూటర్లే ఉంటాయి. దీపం వెలగకపోతే చీకటిలో కూర్చోవచ్చు. చెరువు సంగతి వేరు. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మంచినీటిలో గాలినుంచి కరిగే ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. రాత్రంతా రొయ్యలు, నాచు, అడుగు బురద అన్నీ దానినే వాడుకుంటాయి. తెల్లవారుజామున అది అతి తక్కువగా ఉంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవలెను. ఒత్తుగా రొయ్యపిల్లను వేసిన చెరువులో ఏరియేటర్లు ఆగితే గంటల వ్యవధిలోనే పంట పోవచ్చు. ఆ గంటలలో కంపెనీవారికి ఫోను చేసి లాభం లేదు.

మాట వినబడకపోతే ఏం చేయవలెను?

ఏపెక్స్ వంటి యంత్రాలలో నియమాలు పెట్టెలోనే నిలిచి ఉంటాయి. ఇంటర్నెట్ పోయినా పని ఆగదు. అంతకంటె మెచ్చదగిన సంగతి మరొకటి ఉన్నది. ఆ పెట్టెకు, స్విచ్చుల పట్టీకి మధ్య సంబంధం తెగిపోతే ఒక్కొక్క స్విచ్ ఏ స్థితిలో ఉండవలెనో ముందే రాసి పెట్టవచ్చు. దీనిని ఫాల్‌బ్యాక్ అంటారు. ఎవరి ఆజ్ఞా అందని వేళ సేవకుడు ఏం చేయాలో ముందుగానే చెప్పి ఉంచడం వంటిది.

దీనికి అన్నిటికీ ఒకే జవాబు లేదు. ఏరియేటర్ నడుస్తూ ఉండవలెను. హీటర్ ఆగిపోవలెను. 100 లీటర్ల నీటిలో 200 వాట్ల హీటర్ ఆగకుండా నడిస్తే, బయటకు పోయే వేడిని లెక్కవేయకుంటే, సుమారు 35 నిమిషాలకు ఒక డిగ్రీ పెరుగుతుంది. రాత్రి పడుకొని లేచేలోగా తొట్టిలో ఏమీ మిగలకపోవచ్చు. నీరు నింపే పంపు ఆగిపోవలెను. మేత యంత్రం ఆగిపోవలెను.

కరెంటు రాగానే తనంతట తానే మోటారును నడిపే ఆటోస్టార్టర్ మీకు తెలిసినదే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, భూగర్భ జలం వృథాపోతుందని వాటిని తొలగించమని ప్రభుత్వం కోరింది. బోరు మోటారుకు చెడుపు చేసిన ఆ గుణమే ఏరియేటర్‌కు మేలు. కాబట్టి యంత్రం మంచిదా అని అడగడం చాలదు. ఏ పనికి మంచిది అని అడగవలెను.

పొత్తు కుదిరే విషయం

ఇక సాఫ్ట్‌వేర్ పొత్తు సంగతి. ఎద్దుల జత సరిపడకపోతే నాగలి నడవదు. కంట్రోలర్‌లో ఇటువంటి జతలు నాలుగు ఉన్నాయి.

మొదటిది, ప్రోబుకు పెట్టెకు. ఆక్సిజన్ కొలిచే ప్రోబులలో గాల్వానిక్ రకం కొద్ది మిల్లీవోల్టుల కరెంటు ఇస్తుంది. కాంతితో కొలిచే ఆప్టికల్ రకం అంకెలను తీగ మీద పంపుతుంది. ఒకదాని స్థానంలో రెండవది పనిచేయదు. చాలా చెరువు ప్రోబులు ఆర్.ఎస్.-485 తీగ మీద మాడ్‌బస్ అనే భాషలో మాట్లాడతాయి. ఇది 1979 నుంచి ఉన్న బహిరంగ భాష. అయినా ఏ కొలత ఏ గడిలో ఉంటుందో కంపెనీ కంపెనీకి మారుతుంది. ఆ పట్టికను కాగితం మీద అడిగి తీసుకొనండి.

రెండవది, పెట్టెకు దాని అనుబంధ భాగాలకు. ఏపెక్స్ భాగాలను కలిపే తీగ చూపుకు కంప్యూటరు యు.ఎస్.బి. తీగలాగే ఉంటుంది, కాని యు.ఎస్.బి. కాదు. కంప్యూటరుకు పెడితే పాడవుతుంది. మూతి సరిపోయినంత మాత్రాన జత కుదిరిందని అనుకోరాదు.

మూడవది, పెట్టెకు నెట్‌వర్క్‌కు. ఇటువంటి పెట్టెలలో ఎక్కువభాగం 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మీదనే పనిచేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ రౌటర్‌ను గుర్తించవు. సిమ్ వేసేవాటిలో 2జి రకాలు ఉన్నాయి. వాటిలో జియో సిమ్ పనిచేయదు, ఆ కంపెనీకి 2జి లేదు గనుక. మీ గట్టు మీద ఏ సిగ్నల్ అందుతుందో చూసి పెట్టెను కొనండి. పెట్టెను కొని సిగ్నల్ వెదకవద్దు.

నాలుగవది, పెట్టెలోని సాఫ్ట్‌వేర్‌కు ఫోనులోని యాప్‌కు. యాప్ కొత్తదైతే పాత ఫోను దానిని తీసుకోకపోవచ్చు. పెట్టె పాతదైతే కొత్త యాప్ దానిని విడిచిపెట్టవచ్చు. పంట నడుమ సాఫ్ట్‌వేర్ మార్చవద్దు. పట్టుబడి అయి చెరువు ఖాళీగా ఉన్నప్పుడు మార్చి, వారం రోజులు నడిపి చూడండి.

బిగించిన రోజున చేయవలసిన పరీక్షలు

డబ్బు పూర్తిగా చెల్లించకముందే, బిగించినవాని ఎదుట ఈ పరీక్షలు చేయండి.

1. రౌటర్ తీగ పీకండి. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఏరియేటర్ తనంతట తాను నడవవలెను.

2. ప్రోబు తీగ పీకండి. కొలత అందకపోతే ఏరియేటర్ నడవవలెనే గాని ఆగరాదు.

3. పెట్టెకు కరెంటు తీసి, గంట తరువాత ఇంటర్నెట్ లేకుండానే ఇవ్వండి. గడియారం సరిగా చూపవలెను. గడియారానికి సెల్ లేని బోర్డులు కరెంటు పోతే వేళ మరచిపోతాయి.

4. కరెంటు లేనప్పుడు ఫోనుకు కబురు వచ్చినదా? కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది. పెట్టెకు చిన్న బ్యాటరీ, సొంత సిమ్ ఉండవలెను. లేదా, పెట్టెనుంచి పలుకు రాలేదని క్లౌడ్ వైపునుంచే హెచ్చరిక రావలెను.

5. చేతితో తిప్పే స్విచ్ ఒకటి విడిగా ఉన్నదా? యంత్రమంతా పోయినా మీ మనిషి ఏరియేటర్‌ను నడపగలగవలెను.

మరొక మాట. పి.హెచ్. ప్రోబును నెలకొకసారి 7, 10 అంకెల ద్రావణాలతో సరిచూడండి. తప్పు కొలతను క్లౌడ్ ఎంత వేగంగా మోసినా అది తప్పుగానే ఉంటుంది. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజునే మార్చండి.

కంట్రోలర్ కొనవద్దని నేను చెప్పడం లేదు. రాత్రి కాపలా మనిషికి అది మంచి తోడు. జనరేటర్‌కు, కాపలా మనిషికి బదులు మాత్రం కాదు. ఇప్పటికే మీ చెరువు మీద ఇటువంటి పెట్టె ఉన్నట్లయితే, ఇంటికి వెళ్లిన తరువాత మొదటి రెండు పరీక్షలు పగటిపూట, మీరు దగ్గర ఉండి చేసి చూడండి. ఏరియేటర్ ఆగిపోతే, ఆ పెట్టెను సరిచేయించేవరకు రాత్రిపూట ఏరియేటర్లను చేతి స్విచ్ మీదనే నడపండి.