పాటల పెట్టెకు ఏ వైరు?
(వార్షిక సభలో మన ఎలక్ట్రీషియన్ సభ్యుడు ఒకరు మాట్లాడిన మాటలు)



కరెంటు జాగ్రత్తల గురించి చెప్పమన్నారు. అన్నీ చెప్తే భోజనాలు ఆలస్యమవుతాయి. సౌండ్ సిస్టమ్ వైరు సంగతి ఒక్కటే చెప్తాను. ఇక్కడ కువైట్‌లో శుక్రవారం వస్తే మన రూముల్లో పాటలు ఉండాల్సిందే. కానీ ఆ పెట్టె వెనక ఏ వైరు ఉందో ఎవరూ చూడరు. రూమ్ ఖాళీ చేసినోళ్లు వదిలిన వైర్లు ఒక కవర్లో ఉంటాయి. వాటిలో ఏది దూరితే అది పెట్టేస్తాం.

దూరడం వేరు, కరెంటు మోయడం వేరు. యాంప్లిఫయర్ వెనక ఉండే మూడు పిన్నుల సాకెట్టూ, కంప్యూటర్‌దీ, చాలా రైస్ కుక్కర్లదీ ఒకటే ఆకారం. అందుకే వైర్లు మారిపోతాయి. కంప్యూటర్ వైరు పాటల పెట్టెకు పెడితే చాలాసార్లు ఏమీ కాదు. అదే సన్న వైరు రాత్రి కుక్కర్‌కు పోతుంది చూడండి, అక్కడ వేడెక్కుతుంది.

లెక్క కష్టమేం కాదు. పెట్టె వెనక పట్టీ మీద వాట్లు రాసి ఉంటాయి. వాటిని మన 240 వోల్టులతో భాగించండి. 480 వాట్లయితే 2 ఆంపియర్లు. ఇప్పుడు వైరు మీద సన్నగా అచ్చేసిన అంకె చూడండి. 0.75 అంటే 6 ఆంపియర్ల దాకా, 1.0 అంటే 10 దాకా మోస్తుంది. అదీ లోపల అసలు రాగి ఉంటేనే. ఎనిమిది అంకెలా ఉండే చిన్న పిన్ను 2.5 ఆంపియర్లకే. అట్టపెట్టె మీద 5000 వాట్స్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, అది నమ్మకండి. నిజంగా అంత లాగితే 20 ఆంపియర్లు దాటాలి, మన ప్లగ్గేమో 13 ఆంపియర్లది!

ఇక ప్లగ్గులో ఫ్యూజు. అది పెట్టెను కాపాడటానికి అనుకుంటారు. కాదు, వైరు కాలకుండా ఆపడానికే. 700 వాట్ల లోపు పెట్టెకు మామూలుగా 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అది పోయిందని 13ది వేస్తే, వైరు కాలుతున్నా ఫ్యూజు పోదు. సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టేవాళ్లకు నేనేం చెప్పను? ఎనిమిది మంది పడుకునే రూమ్ అది.

శుక్రవారం సంతలో పాత సామాను కొనేటప్పుడు వైరు మీద 125 వోల్ట్స్ అని ఉంటే అక్కడే వదిలేయండి. పెట్టె మీద 120 వోల్ట్స్ అని మాత్రమే ఉంటే వైరు మార్చినా లాభం లేదు, పెట్టే కాలిపోతుంది.

స్పీకర్లో గుయ్యిమంటోందని కొందరు ప్లగ్గు విప్పి ఎర్త్ వైరు తీసేస్తారు. రేపు లోపల ఏదైనా తెగి ఇనుప డబ్బాకు తగిలిందంటే, ముట్టుకున్నోడికే షాక్. పెట్టె వెనక చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటేనే ఎర్త్ అక్కర్లేదు. రెండు పిన్నుల ప్లగ్గు దూర్చడానికి పై రంధ్రంలో పెన్ను గుచ్చడం కూడా మానండి.

ఇంటికి పంపే సిస్టమ్‌కు ఇక్కడి ప్లగ్గు కోసి వైర్లు మెలివేయొద్దు. వైరు ఊడొచ్చే రకమైతే, అక్కడ ఐఎస్ఐ గుర్తున్న మూడు పిన్నుల వైరు కొనమని చెప్పండి.

అనుమానం ఉన్న వైర్లు తెచ్చినవాళ్లు భోజనాలయ్యాక చూపించండి. గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాను.