మంచం కింద తొమ్మిది సంచులు

మామిడిపల్లి నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ కటింగ్ లేదు, కొత్త జాకెట్ మోడల్ కూడా లేదు. ఇవాళ నా మంచం కింద ఏముందో చూపిస్తాను. నెలన్నర కింద ఇల్లు దులుపుతుంటే బయటపడ్డాయి. లెక్కపెడితే తొమ్మిది సంచులు. తొమ్మిదీ నేను సంబరంగా మొదలుపెట్టినవే. ఒక్కటీ పూర్తి కాలేదు.

ఇదిగో, ఇది నా జాకెట్టే. కుట్టడం అంతా అయిపోయింది, హుక్కులు ఒక్కటే మిగిలాయి. రెండేళ్లుగా హుక్కులు ఒక్కటే మిగిలాయి! ఇవి నాలుగు కుషన్ కవర్లు, ముక్కలన్నీ అతికాను, వెనక గుడ్డ వేయలేదు. ఈ కుర్తాకి కింద మడత లేదు. ఇది మా తమ్ముడి ప్యాంటు, వాడు ఇప్పుడు దాంట్లో పట్టడు కూడా. మిగతావి చూపించను, పరువు పోతుంది.

కానీ ఈ తొమ్మిదోది గురించి మాత్రం చెప్పాలి. అసలు ఈ ఎపిసోడే దాని కోసం.

ఇది బొంత. మనలో చాలామంది చిన్నప్పుడు దీని మీదే పడుకుని ఉంటాం. పాత నూలు చీరలు ఉతికి, చిరుగులు లేని చోట చూసి కత్తిరించి, పొరల మీద పొరలు పరుస్తారు. చుట్టూ పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి కదలకుండా చేస్తారు. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరకి వరసలుగా చేతికుట్టు. అంతే. మిషన్ అక్కర్లేదు, పైసలు అక్కర్లేదు. బెంగాల్లో కాంథా అన్నా, మహారాష్ట్రలో గోధడి అన్నా, బిహార్లో సుజని అన్నా దాదాపు ఇదే పని. కర్ణాటకలో యల్లాపూర్, హళియాళ్ వైపు ఉండే సిద్దీ ఆడవాళ్లు కుట్టేదాన్ని కవంది అంటారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పేలికా చేర్చుకుంటూ, చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. నాలుగు మూలల్లో పువ్వుల్లాగా చిన్న చిన్న ముక్కలు పెడతారు. ఒకసారి చూడండి, మతి పోతుంది.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలతో బొంతలు కుట్టుకునేవాళ్లు, చలికి కప్పుకోవడానికి. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని గోడలకి పెట్టి చూపించారు. 2006లో పోస్టల్ స్టాంపుల మీద కూడా వచ్చాయి. అంటే మన ఇంట్లో బీరువా మీద మడతపెట్టి ఉన్నదాన్ని తేలిగ్గా తీసేయకండి అని.

ఒక్క నిమిషం... విమానం పోతోంది. 2008లో ఎయిర్‌పోర్ట్ వచ్చినప్పటి నుంచీ మాకిది మామూలే. రికార్డింగ్ మొదలుపెట్టానంటే మాత్రం కరెక్ట్‌గా అప్పుడే వస్తుంది.

సరే. ఈ బొంత మా అక్క బాబు కోసం. అక్కకి ఐదో నెల ఉన్నప్పుడు మొదలుపెట్టా. నాయనమ్మ పోయాక ఆవిడవి మూడు నూలు చీరలు మిగిలితే, అమ్మ నాకిచ్చింది. ఉయ్యాలలో వేసే రోజుకి బాబు కింద నాయనమ్మ చీర ఉండాలి అనుకున్నాం. పొడవు 45 అంగుళాలు, అంటే చీర పన్నా అంత. వెడల్పు 36. నాలుగు పొరలు. ఎంత పని ఉంటుందిలే, రెండు ఆదివారాలు అనుకున్నా.

రెండు ఆదివారాల్లో అయినవి 12 వరసలు.

ఈలోగా పెళ్లిళ్ల సీజన్ వచ్చింది. ఇంట్లో మిషన్ ఉంది, చెయ్యి కాస్త తిరిగింది అని తెలిస్తే మనవాళ్లు ఊరుకోరు కదా. "నీదేముందమ్మా, ఐదు నిమిషాల పని" అంటారు. లైనింగ్ జాకెట్ ఐదు నిమిషాల పనా? డ్యూటీకి పోయి వచ్చి, రాత్రి పదింటికి మిషన్ మీద కూర్చునేదాన్ని. నేను టైలర్‌ని కాదు అని చెప్పడానికి మొహమాటం. పైగా, నిజం చెప్పాలంటే, అడిగితే బాగానే ఉండేది.

జాకెట్‌కి తేదీ ఉంటుంది. ఫలానా రోజు పెళ్లి, ముందు రోజుకి కావాలి. బొంతకి తేదీ లేదు. ఎక్కడ ఆపినా పాడవదు, సూది గుచ్చి పక్కన పెట్టేయొచ్చు. అది సుఖం అనుకుంటాం కానీ, ఎప్పుడైనా ఆపగలిగే పనే ఎప్పుడూ ఆగిపోతుంది. బాబు పుట్టే తేదీ డాక్టర్ చెప్పనే చెప్పింది, నాకది తేదీలాగా అనిపించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించా.

అక్కకి ఎనిమిదో నెల. పక్కింటి ఆంటీ కూతురి పెళ్లికి జాకెట్ కుడుతున్నా. క్రీమ్ కలర్ లైనింగ్. కుట్టేవాళ్లకి తెలుసు, లైనింగ్‌ని ముందే నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేస్తాం, లేకపోతే మొదటి ఉతుకులోనే ముడుచుకుపోతుంది. అలా చేశాక కొత్త గుడ్డ కూడా పాతదానిలా మెత్తగా అవుతుంది. రాత్రి పదకొండున్నర. అన్నీ ఒకే బుట్టలో. మడత తీశా, కొలత గీశా, కత్తెర పెట్టా. రెండు చేతులూ, ఒక ముందు భాగమూ కత్తిరించా.

పొద్దున లేచి చూస్తే లైనింగ్ కుర్చీ మీదే ఉంది, మడత కూడా విప్పలేదు. నేను కోసింది నాయనమ్మ క్రీమ్ చీర. మూడింట్లో చిరుగు లేనిది అదొక్కటే. బొంతకి పై పొరగా వేద్దామని ఆఖరి వరకూ దాచింది. అంచు దగ్గర కాదు, సరిగ్గా నడిమధ్యలో.

జాకెట్ మళ్లీ కోసి, కుట్టి, టైముకే ఇచ్చేశా. ఆంటీకి ఈ సంగతి తెలీదు. అమ్మకి చెప్పా. అమ్మ ఆ మూడు ముక్కలూ తీసుకుని, మడతపెట్టి, నా చేతికే ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. బొంత సంచి మంచం కిందికి పోయింది. ఉయ్యాల రోజున బాబు కింద వేసింది షాపులో కొన్న దుప్పటి, దాని మీద కుందేళ్లు. ఫోటోలన్నింట్లో ఆ కుందేళ్లే.

ఇప్పుడు బాబుకి ఎనిమిదో నెల. పాకుతున్నాడు.

ఆ తొమ్మిది సంచులూ బయటపడ్డ రోజున మొదట చేసింది లెక్క. అర అంగుళానికి ఒక వరస. 36 అంగుళాల వెడల్పుకి 72 వరసలు. ఫోన్లో టైమర్ పెట్టి ఒక వరస కుట్టి చూశా, 20 నిమిషాలు. అంటే మొత్తం 24 గంటల పని. రెండు ఆదివారాల పని ఎట్లా అవుతుంది! నాకు తీరిక లేకపోవడం కంటే, పని ఎంతో తెలియకపోవడమే ఎక్కువ దెబ్బ కొట్టింది. మీరు కూడా మొదలుపెట్టే ముందు ఒక్క వరస, ఒక్క ముక్క టైమర్ పెట్టి చూడండి.

తర్వాత నాకు దొరికే టైమ్ ఎట్లాంటిదో చూసుకున్నా. ఒకటి, ముక్కలు ముక్కలుగా దొరికే టైమ్. బస్సులో, డ్యూటీ బ్రేక్‌లో, అన్నం ఉడికేలోపు. మదీనా వైపు లైనింగ్, దారాలు కొనడానికి పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్ట మీదుగా పోతా కదా, జీరో టికెట్ తీసుకుని, సీటు దొరికితే ఒక వరస పోగానే వరసన్నర. హుక్కులు, కాజాలు, ఫాల్, బొంత, చేతికుట్టు ఏదైనా ఈ టైముకే. రెండోది, గంట కదలకుండా కూర్చునే టైమ్. అది మిషన్‌కి. ఇక్కడ ఒక చిట్కా: పనిని బట్టి కాదు, దారం రంగుని బట్టి కూర్చోండి. తెల్లదారం ఎక్కిస్తే ఆ రోజు తెల్లదారం పనులన్నీ. కుషన్ కవర్లకి వెనక గుడ్డ, కుర్తా మడత, దిండు గలీబు, మూడూ ఒక్క బాబిన్‌తో అయిపోయాయి. మూడోది కటింగ్. అది సెలవు రోజు పొద్దున మాత్రమే. రాత్రి కత్తెర ముట్టను. ఎవరడిగినా సరే.

ఒక్కో పనికి ఒక్కో సంచి. గుడ్డ, దారం, సూది, కొలతల చీటీ అన్నీ అందులోనే. ఇంకో చీటీ మీద, ఆపేముందు, తర్వాత చేయాల్సింది రాస్తా. "ఎడమ చంకలో అర అంగుళం విప్పాలి" అని ఉంటే, నెల తర్వాత తీసినా చెయ్యి దానంతటదే పోతుంది. "జాకెట్ పూర్తి చేయాలి" అని రాస్తే మాత్రం మళ్లీ మంచం కిందికే.

దారం గురించి అమ్మ ఒకటి అంటుంది, పొడుగు దారం బద్ధకస్తులది అని. మూరన్నర కంటే పొడుగు తీసుకుంటే ముళ్లు పడి, అవి విప్పడానికే టైమ్ పోతుంది. నేను చిన్నప్పటి నుంచి వినలేదు. ఇప్పుడు వింటున్నా.

తొమ్మిదింట్లో ఇప్పుడు నాలుగు మిగిలాయి. మూడు పూర్తయ్యాయి, హుక్కుల జాకెట్ కూడా వేసేసుకున్నా. రెండు ఇక కుట్టనని ఒప్పేసుకున్నా. తమ్ముడి ప్యాంటు విప్పి సంచి గుడ్డ చేశా, కర్టెన్ గుడ్డ అక్కకి ఇచ్చేశా. అవి వదిలేసిన రోజు నాకు పూర్తి చేసిన దానికంటే హాయిగా ఉంది, ఎందుకో.

ఇక బొంత. దగ్గరగా చూపిస్తా ఉండండి. ఈ పై పొరలో కనబడుతోందా? ఇక్కడ ఇక్కడ రెండు, జాకెట్ చేతుల ఆకారంలో. ఇది ముందు భాగం. చీరలో ఎక్కడి నుంచి కోశానో, అవే ముక్కల్ని అక్కడే పెట్టి, మెరూన్ దారంతో చుట్టూ కుట్టేశా. క్రీమ్ దారం వేస్తే కనబడదు అని అమ్మ చెప్పింది. వద్దన్నా. మొన్న అక్క చూసి, "ఇవేంటే, రెక్కలా?" అంది. చెప్పా. అక్క కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత బాబుని తెచ్చి దాని మీద కూర్చోబెట్టింది. వాడు ముందు ఆ మెరూన్ దారమే పట్టుకుని పీకాడు.

41 వరసలు అయ్యాయి. ఇంకా 31. రోజుకి ఒకటి లెక్కన నెల రోజులు, డ్యూటీ మారకపోతే.

వచ్చే ఎపిసోడ్‌లో చేతి కాజాలు చూపిస్తా, సూదీ దారం పక్కన పెట్టుకుని కూర్చోండి. ఉంటాను మరి, ఇంకో విమానం వస్తోంది.