మన మ్యూజియమునకు కార్యకర్తలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవ సభలో గ్రంథాలయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి. గ్రంథములను గూర్చి నాకంటె బాగుగ చెప్పగల పెద్దలు ఈ వేదికపై నున్నారు. పఠనమందిరము ప్రక్కన ఖాళీగా నున్న గదిలో మన ఎర్రగడ్డ ప్రాంతపు పాత వస్తువులతో చిన్న మ్యూజియము నొకదానిని నెలకొల్పవలెనని కార్యవర్గము వారు తలపెట్టినారు. నేను ఆ విషయమునే ప్రస్తావించెదను. బీరువాలకు చందాలు ఎట్లో వచ్చును. అందు పనిచేయుట కెవరు వచ్చెదరన్నదే నా ప్రశ్న.

ముందుగా నా తప్పు నొకదానిని చెప్పుకొందును. మా యింట మా నాయనమ్మ నాటి ఇత్తడి శేరు ఉండెడిది. దాని అంచున ఏదో ముద్ర. పండుగ వచ్చినదనగా ఇటుకపొడితో, చింతపండుతో దానిని తళతళ మెరయునట్లు తోముట నా పని. ఏటేట తోమగా తోమగా ముద్ర అరిగిపోయెను. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, క్రమముగా కిలోలు, లీటర్లు వాడుకలోనికి వచ్చుటతో శేరునకు అంగడిలో పని లేకపోయెను. ఇల్లు మారునప్పుడు మేము దానిని తూకమునకు అమ్మివేసితిమి. మన ఆదివారపు సంతలో ఏ గోనెపట్టా మీదనో అది కొన్నినాళ్లు కూర్చుండియుండును. ఆ ముద్ర ఎవరిదని నేడు మా మనుమరాలు అడిగిన చెప్పలేను. నాయనమ్మ బ్రతికియుండగా అడుగనైతిని.

భవనమున కాపద వచ్చినప్పుడు నలుగురికి కనబడును. పంజగుట్ట చెంత ఫక్రుల్‌ముల్క్ నవాబు కట్టించిన ఇర్రం మంజిల్ మీరెల్లరు ఎరిగినదే. ఆ గుట్టను తెలుగువారు ఎర్రగడ్డ యనుటచే, దానికి దగ్గరగా ధ్వనించునట్లు, పారశీకమున స్వర్గవనమను అర్థముగల ‘ఇరం’ అను మాటను నవాబు ఎన్నుకొనెనని చెప్పుదురు. ఆ భవనమును పడగొట్టి శాసనసభకు క్రొత్త భవనము కట్టవలెనని 2019లో ప్రభుత్వము నిర్ణయింపగా, పౌరులు న్యాయస్థానమున కెక్కిరి. ఆ సెప్టెంబరులోనే హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. శేరు కొరకు హైకోర్టున కెవరు పోవుదురు? దానికి మనమే దిక్కు.

ఇది సర్కారు వారి పని యని కొందరనవచ్చును. 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించినది సర్కారు కాదు. రాళ్లబండి సుబ్బారావుగారు మొదలగువారు నాణెములు, శాసనములు, విగ్రహములు సేకరించి నిలిపిరి. ఆ సేకరణ 1967లో ప్రభుత్వము చేతికి వచ్చెను. ఆ మ్యూజియము సుబ్బారావుగారి పేరనే నడచుచున్నది. మన హైదరాబాదులోను ఆ 1922లోనే పరిశోధక మండలి యొకటి పుట్టి, మరుసటి యేట కొమర్రాజు లక్ష్మణరావుగారు గతించిన పిమ్మట వారి పేరు ధరించినది. ఆదిరాజు వీరభద్రరావుగారి వంటివారు అందు పాటుపడిరి.

గ్రంథాలయమున వస్తువు నిలుచుటకు వేటపాలెమును చూడుడు. 1918లో పుట్టిన సారస్వత నికేతనమునకు 1929లో గాంధీమహాత్ముడు వచ్చి భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికర్ర అచ్చట నేటికిని భద్రముగా నున్నది. అది ఎవరిదో చెప్పువారు, వ్రాసి పెట్టినవారు లేకున్నచో ఆ కర్రను పొయ్యిలో పెట్టియుందురు.

అందుచేత మనకు మొట్టమొదట కావలసినవాడు పద్దు వ్రాయువాడు. వస్తువు వచ్చిన దినమే, ఇచ్చినవారు ఎదుట కూర్చుండియుండగానే వ్రాయవలెను. దాని పేరేమి, వారి యింట దాని నేమని పిలిచెడివారు, దేనికి వాడిరి, ఏ యూరినుండి వచ్చినది, ఎవరి చేతి మీదుగ వచ్చినది, దానమా లేక చూపుటకు మాత్రమే యిచ్చిరా — అన్నియు వ్రాసి సంతకము తీసుకొనవలెను. ఈ చివరి మాట మరచినచో పదియేండ్ల తరువాత అన్నదమ్ములు వచ్చి మన గుమ్మమున కలహింతురు. సంఖ్యను చీటిపై వ్రాసి దారముతో కట్టవలెను. బంక పెట్టి అంటింపరాదు. కాగితములకైతే వెనుక పెన్సిలుతో వ్రాసిన చాలును. దస్తూరి బాగుండి, ఓపిక గలవారెవరైనను ఈ పనికి తగుదురు. విశ్రాంత ఉపాధ్యాయులు మన వీధికి నలుగురైన నున్నారు గదా!

రెండవది, ఉర్దూ చదువగలవారు. నిజాము కాలపు దస్తావేజులు మన పెట్టెలలో పెక్కు ఉర్దూలో నున్నవి. ఇంటివారికి చదువరాదు; చదువగలవారు ప్రక్కవీధిలోనే యున్నారు. వారానికి ఒక గంట వచ్చి వారు చదువుచుండగా తెలుగు పిల్ల వ్రాసికొనునట్టి బల్ల యొకటి మన గదిలో వేయవలెనని నా కోరిక. మ్యూజియమంతటిలో నాకు ప్రియమైన చోటు అదియే యగును.

శుభ్రపరచువారికి నా మనవి: తోమకుడు! మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపిన చాలును. క్రొత్తగ వచ్చిన కర్ర సామాను, కాగితములు కొన్ని దినములు వేరుగ నుంచి, చెదలు, పురుగు లేవని చూచిన తరువాతనే లోపలికి తేవలెను. తాళపత్రములకు నిమ్మగడ్డి నూనె రాయుట వాడుకలో నున్నది గాని, తెలిసినవారు ప్రక్కన లేక చేయరాదు. ఎండ పడు కిటికీకి తెర వేయుడు.

వలదని చెప్పగల కార్యకర్త యొకడును కావలెను. ఇది కష్టమైన పని. విరిగిన కుర్చీలన్నియు మనకు దానము చేయుటకు సిద్ధముగ నుందురు. నవ్వుచు తిరిగి పంపగలవాడు కావలెను. ఎవరైన భూమిలో దొరికిన నాణెములు తెచ్చినచో, 1878 నాటి చట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలసియుండునని చెప్పవలెను. పురాతన విగ్రహములు వచ్చినచో 1972 చట్టమున్నది. అవి పురావస్తు శాఖకు తెలియకుండ ముట్టరాదు.

చూడవచ్చినవారికి చెప్పుటకు బడిపిల్లలను నియమింపవచ్చును. వారికి నేర్పుటకు మాత్రము మన అవ్వలే రావలెను. విసుర్రాయి త్రిప్పునప్పుడు చేయి ఎట్లుండునో ఏ పుస్తకము నేర్పును?

పద్దుల పుస్తకము ఇప్పటికే కొని గీతలు గీచి గ్రంథపాలకుని బల్లపై నుంచితిమి. వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు గది తలుపు తెరచియుండును. ఆ దినమున వస్తువులు తేవలదు. ఎవరు ఏ వారము, ఏ గంట రాగలరో పేరు వ్రాసి పొండు. వస్తువులను తరువాత అడుగుదుము.